శాతం లెక్క నుంచి పని లెక్కకు: స్వచ్ఛంద సంస్థ డబ్బు తెచ్చే తీరును, ఖర్చుపెట్టే తీరును సరిచేసుకోవడం ఎలా

ఒక స్వచ్ఛంద సంస్థకు కొన్నేళ్ల పాటు కోశాధికారిగా పనిచేశాను. వార్షిక సమావేశంలో జమాఖర్చుల పట్టిక చదివిన ప్రతిసారీ సభ్యుల్లో ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటే: "నూటికి ఎంత ఆఫీసు ఖర్చు?" ఒక ఏడాది ఆ ప్రశ్నకు "నాలుగు" అని జవాబు చెబితే సభంతా చప్పట్లు కొట్టింది. ఆ నాలుగు శాతం ఎలా సాధ్యమైందో నాకు తెలుసు. లెక్కలు రాసే మనిషి జీతాన్ని చదువు కార్యక్రమం పద్దులో వేశాం. పాడైన కంప్యూటరు మార్చలేదు. దాతలకు రసీదులు పంపడం ఐదు నెలలు ఆలస్యమైంది. ఆరేళ్లుగా క్షేత్రస్థాయిలో తిరుగుతున్న కార్యకర్త జీతం పెంచలేదు కనుక ఆమె మరో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది, ఆమెతో పాటే ఆ ప్రాంతంలో ఆరేళ్లుగా సంపాదించిన నమ్మకమూ వెళ్లిపోయింది. ఆ నష్టాన్ని రాయడానికి పట్టికలో గడి లేదు.

ఇలాంటి సంస్థలను నడిపేవారి కోసం, వాటి పాలకవర్గాల్లో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఆఫీసు ఖర్చు శాతం తగ్గించడాన్ని లక్ష్యంగా పెట్టుకున్న సంస్థ డబ్బు తేవడంలోనూ ఖర్చుపెట్టడంలోనూ తప్పు నిర్ణయాలే తీసుకుంటుంది, చేయాల్సిన పని నుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకున్న సంస్థ ఆ రెండింటినీ సరిదిద్దుకోగలుగుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2009లో స్టాన్‌ఫోర్డ్ సోషల్ ఇన్నోవేషన్ రివ్యూ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఈ జబ్బును స్వచ్ఛంద సంస్థల 'ఆకలి చక్రం' అని పిలిచింది. దాతలు అసాధ్యమైనంత తక్కువ ఆఫీసు ఖర్చు ఆశిస్తారు, సంస్థలు ఆ ఆశకు తగ్గట్టు ఖర్చును తగ్గించి, కొంత దాచి చూపిస్తాయి, ఆ అంకె చూసిన దాతలు మరుసటి ఏడు ఇంకా తక్కువ ఆశిస్తారు. 2013లో దాతలకు సంస్థల సమాచారం అందించే మూడు అమెరికన్ సంస్థలు, అంటే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, దాతలకు ఉమ్మడిగా బహిరంగ లేఖ రాసి, ఆఫీసు ఖర్చు ఒక్కదాన్నే పట్టుకుని ఏ సంస్థనూ తూకం వేయవద్దని కోరాయి. అంతవరకు అదే శాతాన్ని చూసి దాతలు సంస్థలను ఎంచుకునే అలవాటు పడటంలో వాటి పాత్రా ఉంది కనుక ఆ లేఖకు విలువ ఎక్కువ.

ముందు అసలు ఖర్చు తేల్చుకోవాలి

డబ్బు ఎలా తేవాలో ఆలోచించే ముందు, చేస్తున్న పనికి నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలియాలి. చాలా సంస్థలకు ఇది తెలియదు. ఏ దాత ఎంత ఇచ్చారో తెలుసు, ఆ డబ్బును ఏ పద్దు కింద రాశారో తెలుసు, అంతటితో సరి. అసలు ఖర్చు తేల్చడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రెండు వారాల ఓపిక చాలు.

సంస్థలో జీతం తీసుకునే ప్రతి ఒక్కరూ రెండు వారాల పాటు ఏ గంట దేనికి పోయిందో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఇది నిఘా కాదని, ఎవరి పనితీరునూ దీంతో కొలవబోమని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి, లేకపోతే రాసేవన్నీ అందమైన అబద్ధాలవుతాయి. మేము చేసినప్పుడు ఒక కార్యకర్త పుస్తకంలో 80 గంటలు ఇలా తేలాయి: పిల్లల దగ్గర 44, ప్రయాణంలో 11, తల్లిదండ్రులతో 5, వోచర్లు, రిజిస్టర్లు రాయడంలో 7, దాతలు అడిగిన ఫారాలు నింపడంలో 13. మొత్తం సమయంలో నాలుగో వంతు కాగితాలకు పోతోందని ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియదు. పైగా ఆ 13 గంటల్లో సగం, ఒకే సమాచారాన్ని ఇద్దరు దాతల రెండు వేర్వేరు ఫారాల్లో మళ్లీ మళ్లీ నింపడమే. ఆ ఇద్దరికీ పుస్తకంలోని పేజీ చూపించి, ఒకే నమూనాకు ఒప్పుకోమని అడిగాం, ఒకరు వెంటనే ఒప్పుకున్నారు. ఎదురుగా ఒక కాగితం పెట్టి అడిగితే దాతలు వింటారని నాకు అప్పుడే తెలిసింది.

తరువాత ఉమ్మడి ఖర్చుల జాబితా రాయాలి. అద్దె, కరెంటు, ఫోను, ఇంటర్నెట్, లెక్కల మనిషి జీతం, ఆడిటరు రుసుము, బీమా, కార్యకర్తల శిక్షణ, నిధుల సేకరణకయ్యే ఖర్చు అందరికీ గుర్తుంటాయి. సాధారణంగా మరచిపోయేవి మూడు. వాహనాలు, కంప్యూటర్ల వంటివి అరిగిపోయాక మళ్లీ కొనడానికి ఏటా పక్కన పెట్టాల్సిన మొత్తం ఒకటి. ఉద్యోగులు మానేసినప్పుడు చట్టప్రకారం ఇవ్వాల్సిన మొత్తాలు రెండోది. కష్టకాలానికి దాచుకునే రిజర్వు నిధికి ఏటా చేర్చాల్సిన భాగం మూడోది. ఈ మూడూ రాయని బడ్జెట్ ఆ ఏడాదికి బాగానే కనిపిస్తుంది, మూడో ఏడాదికి సంస్థను ముంచుతుంది.

ఈ ఉమ్మడి ఖర్చును నోటుబుక్కుల్లో తేలిన గంటల నిష్పత్తిలో కార్యక్రమాలకు పంచాలి. ఒక సంస్థకు రెండు కార్యక్రమాలున్నాయనీ, గంటలు 60, 40 పాళ్లుగా తేలాయనీ, ఉమ్మడి ఖర్చు 30 అనీ అనుకుందాం. మొదటి కార్యక్రమానికి నేరుగా అయ్యే ఖర్చు 70 అయితే దానికి ఉమ్మడి ఖర్చులో 18 చేరి అసలు ఖర్చు 88 అవుతుంది. దాత నేరు ఖర్చుకు పైన పది శాతమే ఆఫీసు ఖర్చు ఇస్తానంటే వచ్చేది 77, లోటు 11. ఆ కార్యక్రమాన్ని ఎంత పెంచితే లోటు అంత పెరుగుతుంది. "పెద్ద గ్రాంటు వచ్చింది, కానీ జీతాలకు డబ్బు లేదు" అని వాపోయే సంస్థల కథ చాలావరకు ఈ 11లోనే ఉంటుంది.

కొన్ని దేశాల్లో ఈ పరిమితులను ప్రభుత్వాలే నిర్ణయిస్తాయి. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో, ముందుగా ఒప్పందం చేసుకున్న రేటు లేని సంస్థకు పరోక్ష ఖర్చుల, అంటే ఇలాంటి ఉమ్మడి ఖర్చుల కింద ఇచ్చే కనీస రేటు చాలా ఏళ్లు 10 శాతంగా ఉండి, 2024 అక్టోబరు నుంచి 15 శాతమైంది. భారతదేశంలో విదేశీ విరాళాల నుంచి పరిపాలనా వ్యయానికి వాడుకోగలిగే గరిష్ఠ పరిమితిని 2020 సవరణతో 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. మీకు వర్తించే చట్టం ఏ ఖర్చును పరిపాలనా వ్యయంగా లెక్కిస్తుందో ఆడిటరుతో కూర్చుని ఒక్కో పద్దు వారీగా రాయించుకోండి. చట్టం అనుమతించిన వర్గీకరణను నిజాయితీగా వాడుకోవడం వేరు, నేను పైన చెప్పినట్లు లెక్కల మనిషి జీతాన్ని చదువు కింద రాయడం వేరు. రెండోది చేయకండి. అది దాతను మోసగించడమే కాదు, సంస్థ అసలు ఖర్చును సంస్థే తెలుసుకోలేని స్థితికి తెస్తుంది.

పంచినదాన్ని కాదు, నిలిచినదాన్ని లెక్కించాలి

అసలు ఖర్చు తేలాక దాన్ని దేనితో భాగించాలన్నది రెండో ప్రశ్న. మలేరియా ఉన్న చోట దోమతెరలు పంచే రెండు సంస్థలను ఊహించుకోండి. మొదటిది 1000 తెరలను 1000 పాళ్ల ఖర్చుతో పంచి చేతులు దులుపుకుంది. రెండోది అన్నే తెరలు పంచి, మరో 300 పాళ్లు ఖర్చుపెట్టి ఇంటింటికీ మనిషిని పంపి తెర కట్టించింది, చిరిగినవి మార్చింది, లెక్క రాసుకుంది. శాతం చూసేవారి దృష్టిలో రెండో సంస్థ తన డబ్బులో 23 శాతాన్ని పర్యవేక్షణకు పెట్టిన దుబారా సంస్థ. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే మొదటి సంస్థ తెరల్లో 500, రెండోదానివి 800 మంచాల మీద వేలాడుతున్నాయనుకుందాం. అప్పుడు నిలిచిన ఒక్కో తెరకు మొదటి సంస్థకైన ఖర్చు 2, రెండోదానికి 1.63 లోపే. చవకగా పనిచేసింది రెండోదే.

కనుక మీ ప్రతి కార్యక్రమానికీ ఒక వాక్యం రాసుకోండి: "మా పని జరిగిందని ఏడాది తర్వాత వెళ్లి దేన్ని చూసి చెబుతాం?" శిక్షణకు ఎంతమంది హాజరయ్యారన్నది దీనికి జవాబు కాదు. ఆ శిక్షణ పొందినవారిలో ఎంతమంది ఆ పని చేసుకుని బతుకుతున్నారన్నది జవాబు. ఆ సంఖ్యతో అసలు ఖర్చును భాగిస్తే వచ్చేదే మీరు దాతకు చెప్పాల్సిన అంకె, మీరు మీతో పోల్చుకోవాల్సిన అంకె కూడా.

ఈ అంకె లేకుండా మంచి కథ మీద మాత్రమే నడిచిన పథకం ఏమవుతుందో ప్లేపంప్ ఉదంతం చెబుతుంది. పిల్లలు ఆడుకునే తిరుగుడు బల్లకు నీటి పంపు కలిపి, వాళ్లు తిరుగుతుంటే నీళ్లు పైకి వచ్చేలా చేయాలన్నది ఆలోచన. ఎంత ముచ్చటైన చిత్రమో చూడండి! 2006లో అమెరికాలో దీనికి 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ఆఫ్రికాలో 2010 నాటికి నాలుగు వేల పంపులు పెట్టాలన్నది లక్ష్యం. కానీ ఒక్కో పంపు 2500 మందికి నీళ్లిస్తుందన్న మాట నిజం కావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాల్సి ఉంటుందని 2009లో గార్డియన్ పత్రిక లెక్కకట్టి చూపింది. పాడైతే బాగుచేయడం స్థానికుల వల్ల కాలేదు, చాలాచోట్ల పెద్ద ఆడవాళ్లే ఆ చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వచ్చింది. పథకం ఆగిపోయింది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. నీళ్లు తోడే ఆడవాళ్లను ముందుగా అడిగి ఉంటే, ఒక్క పంపు దగ్గర ఏడాది కూర్చుని లెక్క రాసి ఉంటే, ఆ డబ్బు మామూలు చేతిపంపులకు పోయేది.

చిన్న సంస్థలు సొంతంగా శాస్త్రీయ పరీక్షలు జరపనక్కర్లేదు. పేదరిక నిర్మూలనలో ప్రయోగ పద్ధతులకు గాను 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బాటలో జరిగిన వందల అధ్యయనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, మీ పనికి దగ్గరగా ఉన్నవి రెండు మూడు చదవడం పాలకవర్గంలో ఒకరి బాధ్యతగా పెట్టండి. దానితో పాటు ఒక కఠినమైన ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ డబ్బును నేరుగా ఆ కుటుంబాల చేతికే ఇస్తే ఇంతకన్నా మేలు జరగదా? కెన్యాలో మొదలైన గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ చేసేది అదే. రువాండాలో అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచిన ఒక పోషకాహార కార్యక్రమాన్ని నగదు పంపిణీతో పోల్చిన అధ్యయనం 2018లో వెలువడింది. కార్యక్రమానికైనంత ఖర్చుతో ఇచ్చిన చిన్న మొత్తం నగదూ, కార్యక్రమమూ రెండూ పిల్లల పోషణలో చెప్పుకోదగ్గ మార్పు తేలేదు, దానికి ఎన్నో రెట్లు పెద్ద మొత్తం ఇచ్చినచోట పిల్లల ఎదుగుదలలో మెరుగు కనిపించింది. నగదే ఎప్పుడూ గొప్పదని దీనర్థం కాదు. బడి నడపడం, టీకాలు వేయించడం నగదుతో జరిగే పనులు కావు. కానీ మీ కార్యక్రమం నగదు కన్నా ఎందుకు మేలో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే, దాన్ని మళ్లీ ఆలోచించాల్సిందే.

అడిగే పద్ధతి

నిధుల సేకరణకు పెట్టే ఖర్చును ఆ ఏడాది రాబడితో మాత్రమే పోల్చడం అన్ని తప్పుల్లోకీ సాధారణమైనది. ఒక రోజు సంగీత కార్యక్రమానికి 60 పాళ్లు ఖర్చుపెడితే 100 వచ్చిందనుకోండి, మిగిలింది 40, మరుసటి ఏడాది మళ్లీ మొదటికే. కొత్త దాతలను వెతికి నెలనెలా ఇచ్చేలా ఒప్పించే ప్రయత్నానికి 100 ఖర్చుపెడితే మొదటి ఏడు 90 మాత్రమే వచ్చింది. దాన్ని ఓటమిగా రాసేస్తారు. కానీ వారిలో నిలిచినవారు రెండో ఏడు 60, మూడో ఏడు 50 ఇస్తే, వారితో ఉత్తరప్రత్యుత్తరాలకు ఏటా 5 చొప్పున పోయినా, మూడేళ్లలో 110 పెట్టి 200 తెచ్చినట్లు, అంటే 90 మిగిలినట్లు. కనుక ప్రతి సేకరణ పద్ధతికీ మూడేళ్ల లెక్క కట్టండి. చేసే పని ఇదే అయినప్పుడు దానికి మనిషిని పెట్టి సరైన జీతం ఇవ్వండి. వసూళ్లలో ఇంత శాతం అని కమీషను మాత్రం ఇవ్వకండి, వృత్తిగా నిధులు సేకరించేవారి అంతర్జాతీయ సంఘాల నైతిక నియమావళి కూడా దాన్ని అనుమతించదు. కమీషను కోసం అడిగేవారు దాత వయసును, మనసును, ఆర్థిక స్థితిని పట్టించుకోరు.

ఆఫీసు ఖర్చు అంటే దాతలకు ఎందుకంత విముఖత? తమ డబ్బు లబ్ధిదారుడి దాకా చేరదన్న బాధే దానికి కారణం. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 40,000 మందికి విరాళం కోరుతూ ఉత్తరాలు పంపారు. ఒక పెద్ద దాత ఇచ్చిన డబ్బును కొందరికి ప్రారంభ నిధిగా, కొందరికి ఎంత ఇస్తే అంత కలిపే జత నిధిగా, మరికొందరికి ఆఫీసు ఖర్చులన్నిటికీ సరిపోయే నిధిగా చెప్పారు. మూడో రకం ఉత్తరానికే ఎక్కువమంది స్పందించారు. దీన్ని నిజంగా వాడుకోవచ్చు: మీ పాలకవర్గ సభ్యులు లేదా మీ పనిని దగ్గరగా ఎరిగిన ఒకరిద్దరు పెద్ద దాతలు ఉమ్మడి ఖర్చును భరించేలా ఒప్పిస్తే, మిగతా దాతలకు ఆ విషయం చెప్పి అడగవచ్చు. జత నిధి గురించీ ఒక మాట. 2007 నాటి మరో అధ్యయనంలో, 50,000 మందికి పైగా పాత దాతలకు ఉత్తరాలు రాస్తే, జత నిధి ఉందని చెప్పినందుకు ఒక్కో ఉత్తరానికి వచ్చిన రాబడి 19 శాతం పెరిగింది. రూపాయికి రూపాయి బదులు రెండు, మూడు రూపాయలు కలుపుతామన్నా అంతకు మించి పెరగలేదు. మీకు పెద్ద జత నిధి ఇస్తామన్న దాత ఉంటే, రూపాయికి రూపాయి చొప్పున కలపడానికే ఒప్పించి మిగిలినదాన్ని షరతుల్లేని నిధిగా అడగండి.

అడిగేటప్పుడు ఎవరి కథ చెప్పాలన్నది మరింత సున్నితమైన విషయం. లక్షలమంది గురించి చెప్పే అంకె కన్నా, పేరూ ముఖమూ ఉన్న ఒక్క పాప గురించి చెబితే మనుషులు ఎక్కువ ఇస్తారని పరిశోధనలు తేల్చాయి. ఆ శక్తిని వాడుకోండి, కానీ ఆ పాప పెద్దయ్యాక ఆ ఫోటో చూసి తలదించుకునే పరిస్థితి తేకండి. మేము పెట్టుకున్న నియమం ఇది: కథ అచ్చు వేసే ముందు ఆ కుటుంబానికి వారి భాషలో చదివి వినిపించాలి, వద్దంటే వద్దే, ఒప్పుకున్నా తరువాత ఎప్పుడైనా తీసేయమంటే తీసేయాలి. కొన్ని మంచి కథలు ఇలా పోయాయి. పోనివ్వండి.

షరతుల్లేని నిధి అన్న మాట పైన వాడాను. ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చే డబ్బు, సంస్థ అవసరాన్ని బట్టి వాడుకోగలిగే డబ్బు రెండూ ఒకటి కావు. రెండో రకం డబ్బు ఒక్క పాలే మొదటి రకం డబ్బు మూడు పాళ్ల కన్నా ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం. అమెరికన్ దాత మెకంజీ స్కాట్ 2020లో వందల సంస్థలకు దాదాపు 600 కోట్ల డాలర్లను చాలావరకు ఎలాంటి షరతులూ లేకుండా ఇచ్చిన తరువాత పెద్ద దాతల్లో ఈ చర్చ బలపడింది. మీ దాతను ఈ విషయంలో నేరుగా అడగడానికి మొహమాటపడకండి. ఉత్తరంలో ఇలా రాయవచ్చు:

"మీరు కోరిన కార్యక్రమానికి నేరుగా అయ్యే ఖర్చు 70, దానిని నడపడానికి అవసరమైన లెక్కలు, పర్యవేక్షణ, శిక్షణ, అద్దెలో దాని వాటా 18. గంటల లెక్క జతచేస్తున్నాము. మొత్తం 88 ఇవ్వడం మీకు వీలుపడకపోతే, కార్యక్రమాన్ని మీ నిధికి సరిపోయే పరిమాణానికి తగ్గించి పూర్తి ఖర్చుతో చేయడానికి సిద్ధంగా ఉన్నాము. లోటుతో మొదలుపెట్టి మధ్యలో ఆపివేసే పరిస్థితి ఆ కుటుంబాలకు రాకూడదని మా కోరిక."

వద్దనాల్సిన డబ్బు

2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చింది. విరాళాలు వెల్లువెత్తాయి. వారం రోజులు గడిచీ గడవకముందే, 2005 జనవరి మొదట్లో, విపత్తుల్లో వైద్య సాయం అందించే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ సునామీ బాధితుల కోసం తాము చేయగలిగిన పనికి సరిపడా డబ్బు వచ్చేసిందని, ఇకపై ఇచ్చేవారు ఇతర విపత్తులకు వాడుకునేలా ఇవ్వాలని ప్రకటించింది. అప్పట్లో దీన్ని విమర్శించినవారూ ఉన్నారు. నా దృష్టిలో నిధుల సేకరణ చరిత్రలో అంత గౌరవనీయమైన ప్రకటన మరొకటి లేదు. చేయగలిగిన దానికన్నా ఎక్కువ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని తొందరగా ఖర్చుపెట్టి చూపాలన్న ఒత్తిడిలో పడుతుంది.

కనుక ప్రతి విజ్ఞప్తికీ ముందే ఒక గరిష్ఠ మొత్తం నిర్ణయించి, అది దాటితే ఏం చేస్తారో విజ్ఞప్తిలోనే రాయండి. మీ ఆశయానికి సంబంధం లేని పనికి వచ్చే గ్రాంటును, అసలు ఖర్చులో ఐదో వంతుకు పైగా లోటు మిగిల్చే గ్రాంటును తీసుకోకూడదని పాలకవర్గం తీర్మానం చేసి మినిట్స్‌లో రాయడం మంచిది. మినిట్స్‌లో ఉంటే డబ్బుకు కటకటగా ఉన్న నెలలో కార్యదర్శి ఒంటరిగా ఆ నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం ఉండదు.

ఖర్చుపెట్టే పద్ధతి

ఒక్కసారి వచ్చే డబ్బుతో ఎప్పటికీ ఉండే బాధ్యతలు తెచ్చిపెట్టుకోకూడదు. 2014 వేసవిలో చన్నీళ్ల బకెట్ నెత్తిన గుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతా పాకినప్పుడు అమెరికాలో ఏఎల్‌ఎస్ అనే నరాల వ్యాధి మీద పనిచేసే ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మరుసటి వేసవిలో అంత రాదని వారికి తెలుసు. అందులో పెద్ద భాగాన్ని కొన్నేళ్ల మీద విస్తరించి పరిశోధన గ్రాంట్లుగా ఇచ్చారు, ఆ నిధి సాయం అందిన ఒక పరిశోధన 2016లో ఆ వ్యాధికి సంబంధించిన ఎన్‌ఈకే1 అనే జన్యువును గుర్తించింది. మీకు వచ్చే మొత్తం చిన్నదే కావచ్చు, సూత్రం మారదు: ఊహించని డబ్బు వస్తే ముందు రిజర్వు నింపండి, తరువాత ఒక్కసారితో తీరే అవసరాలకు వాడండి, కొత్త ఉద్యోగాలు సృష్టించే విషయం ఆఖరున ఆలోచించండి.

రిజర్వు నిధి గురించి దాతలకు ఒక అపోహ ఉంది. బ్యాంకులో డబ్బు పెట్టుకుని మళ్లీ ఎందుకు అడుగుతున్నారని అంటారు. వారికి చెప్పవలసిన ఉదాహరణ లండన్‌లోని కిడ్స్ కంపెనీ. 1996లో మొదలై వేలమంది పిల్లలకు ఆసరాగా నిలిచిందని పేరు తెచ్చుకున్న ఆ సంస్థ 2015 ఆగస్టులో, ప్రభుత్వం నుంచి 30 లక్షల పౌండ్లు అందిన కొద్ది రోజులకే మూతపడింది. ట్రస్టీలను పదవులకు అనర్హులుగా ప్రకటించాలన్న దావాను 2021లో హైకోర్టు తోసిపుచ్చింది. అయినా రిజర్వు లేకుండా, పెరుగుతున్న అవసరానికి తగ్గట్టు ఖర్చును పెంచుకుంటూ పోయిన పద్ధతిలో ఎంత ప్రమాదం ఉందో అక్కడ స్వచ్ఛంద సంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ 2022 నివేదిక ఎత్తిచూపింది. ఆ తలుపులు మూసుకున్న రోజున వాటి ముందు నిలబడ్డ పిల్లలకు ఎవరి సదుద్దేశంతోనూ పని లేదు. ఎన్ని నెలల ఖర్చు రిజర్వుగా ఉండాలన్నది మీ రాబడి తీరును బట్టి నిర్ణయించుకోవాలి. రాబడిలో సగం ఒకే దాత నుంచి వస్తుంటే ఆ దాత ఆగిపోయినా మరో దాతను వెతుక్కునేంత కాలానికి, కనీసం ఆరు నెలలకు, సరిపోవాలి. చిన్న మొత్తాలు ఇచ్చే దాతలు చాలామంది ఉంటే మూడు నెలలది చాలు. దానికి మించి కూడబెట్టడం కూడా తప్పే. అలా మిగిలిన డబ్బు పనికి వెళ్లాలి.

ఖర్చు మీద అదుపు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఇవి అందరికీ తెలిసినవే, పాటించడమే తక్కువ: చెక్కు మీద ఇద్దరి సంతకాలు, డబ్బు తీసుకునేవారు, లెక్క రాసేవారు వేర్వేరుగా ఉండటం, ప్రతి నెలా బ్యాంకు ఖాతాతో క్యాష్ బుక్ సరిచూడటం, బంధువుల దగ్గర కొనుగోళ్లు జరిగితే ముందే పాలకవర్గానికి చెప్పి ఆ నిర్ణయం నుంచి తప్పుకోవడం. వ్యవస్థాపకుల మీద గౌరవంతో ఈ నియమాల్లో దేన్నీ సడలించవద్దు.

జీతాల విషయంలో మాత్రం ఆగి మాట్లాడాలి. సేవ చేసేవారు తక్కువ జీతానికి చేయాలన్న భావన మనలో లోతుగా ఉంది. దానివల్ల ఇంట్లో వేరే ఆదాయం ఉన్నవారు మాత్రమే ఈ రంగంలో నిలవగలుగుతున్నారు, ఎవరి కోసం పనిచేస్తున్నామో ఆ కుటుంబాల్లోంచి వచ్చిన యువతీయువకులు రెండేళ్లకే వెళ్లిపోతున్నారు. మీ సంస్థలో అతి తక్కువ జీతం తీసుకునే వ్యక్తి ఆ జీతంతో ఒక చిన్న కుటుంబాన్ని పోషించుకోగలరా అన్నది ప్రతి బడ్జెట్ సమావేశంలో అడగాల్సిన ప్రశ్న. ఒకరు మానేస్తే కొత్తవారిని వెతికి, శిక్షణ ఇచ్చి, పాత స్థాయికి తేవడానికి ఎన్ని నెలలు పడుతుందో లెక్కకట్టి చూడండి, జీతం పెంచడం చాలాసార్లు చవకగా తేలుతుంది.

ప్రతి కార్యక్రమానికీ మొదలుపెట్టే రోజునే ఆపే నియమం కూడా రాయాలి. "రెండేళ్ల తరువాత నిలిచిన ఫలితం ఇంతకన్నా తక్కువైతే, లేదా ఒక్కో ఫలితానికి ఖర్చు ఇంత దాటితే, ఈ పని ఆపి కుటుంబాలకు ఆరు నెలల గడువు ఇచ్చి బాధ్యతలు అప్పగిస్తాం" అని అంకెలతో రాయండి. మొదలుపెట్టాక మనసు ఒప్పుకోదు కనుక ముందే రాయమంటున్నాను.

నివేదికలో ఏం రాయాలి

దాతకు పంపే వార్షిక నివేదికలో శాతాల వృత్త చిత్రం బదులు, ప్రతి కార్యక్రమానికీ నాలుగు వరుసలు పెట్టండి: అసలు ఖర్చు, నిలిచిన ఫలితం, ఒక్కో ఫలితానికి అయిన ఖర్చు, గత ఏడాది అదే అంకె. ఐదో వరుసలో ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో రాయండి. ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ కెనడా శాఖ తన వైఫల్యాలను ప్రత్యేక నివేదికగా అచ్చు వేసి పంచడం 2008 నుంచి మొదలుపెట్టింది. మేము మొదటిసారి ఒక పేజీ నిండా కుదరని పనుల గురించి రాసినప్పుడు ఇద్దరు దాతలు విరాళం ఆపారు, ఒకరు ఫోన్ చేసి, ఇన్నేళ్లలో మీ నివేదిక చివరిదాకా చదవడం ఇదే మొదటిసారి అని చెప్పి, వచ్చే మూడేళ్లకు షరతులు లేకుండా ఇస్తానన్నారు.

ఇవన్నీ ఒక్కసారిగా మార్చలేరు. మొదట పాలకవర్గానికి మామూలు గంట సమావేశం కాకుండా మూడు గంటల సమావేశం పెట్టండి. బల్ల మీద ఉండాల్సినవి మూడు కాగితాలు: రెండు వారాల గంటల లెక్క; ప్రతి గ్రాంటుకూ అసలు ఖర్చు, వచ్చిన మొత్తం, లోటు చూపే పట్టిక; ఒక్కో కార్యక్రమానికి ఏడాది తర్వాత వెళ్లి చూసిన ఫలితం. మూడోది చాలా సంస్థల్లో మొదటిసారి ఖాళీగా ఉంటుంది, అలాగే పెట్టండి. కార్యకర్తల్లో కనీసం ఇద్దరినీ, ఆ కార్యక్రమం వల్ల మేలు పొందాల్సిన కుటుంబాల్లోంచి ఇద్దరినీ ప్రయాణ ఖర్చులిచ్చి పిలిపించి, పట్టికల మీద పాలకవర్గం మాట్లాడే ముందు వారిని మాట్లాడనివ్వండి.